తేజస్‌కు హుక్కు బిగిస్తే నౌక మీద దిగే విమానం అయిపోదా?

ప్రశ్న హైదరాబాద్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న విద్యార్థిది. క్లుప్తంగా ఇదీ: "వాయుసేన దగ్గర తేజస్ ఎగురుతోంది. దానికే గట్టి చక్రాలు, వెనక ఒక హుక్కు పెట్టి నౌకాదళానికి ఇవ్వొచ్చు కదా? మరి రఫేల్ ఎందుకు కొంటున్నాం? హైదరాబాద్‌లోనే ఉండి ఈ రంగంలో ఏ పనికి పనికొస్తాను?"

హుక్కు బిగించడం తేలికే. ఆ హుక్కు నౌక డెక్ (విమానాలు దిగే పై అంతస్తు) మీది వైరును పట్టుకున్నప్పుడు పుట్టే లాగుడు విమానం ఒంట్లో ఏ దారిన పోవాలి అన్నదగ్గరే కష్టమంతా ఉంది. నేల మీది యుద్ధవిమానాన్ని గాల్లో తిరిగే మలుపుల భారాలకు గీస్తారు. నౌక విమానాన్ని డెక్ తాకే ఆ మూడు నాలుగు సెకన్ల దగ్గర మొదలుపెట్టి, అక్కడి నుంచి వెనక్కి గీసుకుంటూ రావాలి. గేర్ (చక్రాలు, వాటి కాళ్లు) ఎక్కడ ఉండాలి, హుక్కు ఎక్కడ ఉండాలి, రెక్క ఎంత పెద్దది, మూతి ఎంత కిందికి వంగాలి అన్నవి అక్కడే తేలిపోతాయి. ఈ క్రమం తిరగబడితే ప్రతి మార్పూ బరువుగా మారుతుంది. ఆ బరువుకు మూల్యం గాల్లోకి లేచేటప్పుడు కట్టాలి.

దిగడం సంగతి ముందు చూద్దాం. రన్‌వే మీద పైలట్ చివర్లో మూతి కాస్త ఎత్తి, కిందికి దిగే వేగాన్ని తగ్గించి, చక్రాలను మెల్లగా ఆనిస్తాడు. దాన్ని ఫ్లేర్ అంటారు. నౌక మీద ఫ్లేర్ ఉండదు. ఫ్లేర్ చేస్తే విమానం ఎక్కడ ఆనుతుందో కచ్చితంగా చెప్పలేం. మన విమానవాహక నౌక విక్రాంత్ డెక్ మీద అడ్డంగా పరిచిన వైర్లు మూడే. అందుకని 3.5 డిగ్రీల దగ్గరి వాలులో వచ్చిన విమానం అదే వాలులో వచ్చి డెక్‌ను గుద్దుకుంటుంది.

కాగితం మీద లెక్క వేసుకోండి. దిగేటప్పటి బరువు 9 టన్నులు, గాలిలో వేగం 130 నాట్లు అనుకుందాం. అంటే సెకనుకు 67 మీటర్లు. నౌక నడకా ఎదురుగాలీ కలిసి 25 నాట్లు ఇస్తే, డెక్‌తో పోల్చినప్పుడు విమానం వేగం సెకనుకు 54 మీటర్లే. 3.5 డిగ్రీల వాలుకు నిలువు వేగం సెకనుకు 3.3 మీటర్లు వస్తుంది. ఇది అంతా సవ్యంగా ఉన్న రోజు లెక్క. అలకు డెక్ పైకి లేస్తున్న క్షణంలో తాకితే ఇంకో ఒకటిన్నర, రెండు మీటర్లు కలుస్తాయి. పైలట్ చివరి క్షణంలో చేసిన సర్దుబాటు ఇంకొంత కలుపుతుంది. ఒక చక్రం ముందు తాకితే దెబ్బలో పెద్ద వాటా ఆ ఒక్క కాలి మీదే పడుతుంది. డిజైనరు సగటుకు గీయడు, ఈ చెడ్డరోజుకు గీస్తాడు. అందుకే నౌక విమానాల గేర్‌ను సెకనుకు 6, 7 మీటర్ల నిలువు వేగానికి తయారు చేస్తారు. నేల మీది యుద్ధవిమానానికి 3 మీటర్లు చాలు. చూడ్డానికి రెట్టింపు చిల్లరే. కానీ గేర్ మింగాల్సిన శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 3 నుంచి 7కు వెళితే అది దాదాపు 5.4 రెట్లు.

ఆ శక్తిని మింగడానికి స్ట్రట్‌కు, అంటే లోపలికి నొక్కుకుపోయే గేర్ కాలికి, నిడివి కావాలి. విమానం బరువును రెక్కలే మోస్తున్నాయనుకుని, టైరు నొక్కుడు వదిలేసి, స్ట్రట్ సామర్థ్యం 80 శాతం అనుకోండి. నేల విమానంలో గేర్ మీది భారం బరువుకు 3 రెట్లు దాటకుండా ఆపాలంటే 19 సెంటీమీటర్ల స్ట్రోక్ (కాలు నొక్కుకుపోయే దూరం) సరిపోతుంది. నౌక విమానంలో భారాన్ని 5 రెట్ల దాకా ఒప్పుకున్నా 62 సెంటీమీటర్లు కావాలి. సూత్రం ఒక్క లైనే: నిలువు వేగం వర్గాన్ని, 2 ఇంటూ గురుత్వ త్వరణం ఇంటూ భార గుణకం (పైన 3, 5) ఇంటూ సామర్థ్యంతో భాగించండి.

ఇప్పుడు ఆ పొడవాటి, లావాటి కాలిని ఎక్కడ దాచాలి? తేజస్ ప్రధాన గేర్ ఫ్యూజిలాజ్‌లోకి, అంటే విమానం మొండెంలోకి, మడుచుకుంటుంది. కాళ్లు పొట్ట దగ్గర మొదలై పక్కలకు చాచుకుంటాయి. నేల మీద దిగడానికి ఈ అమరిక చక్కగా సరిపోతుంది, తేలిక కూడా. నౌక మీద మాత్రం దెబ్బ నిట్టనిలువుగా పైకి పోకుండా వంపు మొమెంట్‌గా (వంచే బలంగా) మారి, మొండెం లోపలి అడ్డ చట్రాలైన బల్క్‌హెడ్లను వంచడానికి చూస్తుంది. బల్క్‌హెడ్ మందం పెంచాలి, దాన్ని పట్టుకునే ఫిట్టింగులు పెంచాలి, గేర్ గూడు పెద్దది చేయాలి, దానితో పొట్ట ఉబ్బి గాలి నిరోధం పెరుగుతుంది. ఏ ఒక్క మార్పూ తప్పుడుది కాదు. అన్నీ కలిస్తే మాత్రం వందల కిలోలు.

ఇక హుక్కు. పై లెక్కలోని విమానం సెకనుకు 54 మీటర్ల వేగంతో వైరును పట్టుకుని 90 మీటర్లలో ఆగాలి. దాని గతిశక్తి 13 మెగాజౌళ్ల పైమాట. సగటున 15 టన్నుల నికర లాగుడు కావాలి. దీనికి ఇంజిన్ లాగుడునూ కలపాలి. ఎందుకంటే చక్రాలు డెక్‌ను తాకగానే పైలట్ థ్రాటిల్‌ను ముందుకు నెట్టేస్తాడు. హుక్కుకు వైరు దొరక్కపోతే మళ్లీ గాల్లోకి లేవాలి కదా. దాన్ని బోల్టర్ అంటారు. ఇంకో 5 టన్నులు వేసుకుంటే సగటే 20 టన్నులు. గరిష్ఠం దానికంటే బాగా పైన ఉంటుంది. ఇంత లాగుడు తోక దగ్గర ఒకే ఒక్క పిన్ను మీద పడుతుంది. అక్కడి నుంచి అది విమానం పొడుగునా ఒక గట్టి కీల్ (వెన్నెముక లాంటి దూలం) గుండా మధ్య ఫ్యూజిలాజ్‌కు చేరాలి. వాయుసేన విమానంలో ఆ దారి ఉండదు. ఇంజిన్ బయటికి తీసే తలుపులు, గొట్టాలు, వైరింగ్ ఆ చోటనే ఉంటాయి.

హుక్కు దగ్గర జరిగే తప్పులు నిర్మాణంవే కానక్కర్లేదు. 2011లో అమెరికా లేక్‌హర్‌స్ట్‌లో ఎఫ్-35సీ అనే నౌక యుద్ధవిమానం హుక్కును పరీక్షించినప్పుడు 8 ప్రయత్నాల్లో ఒక్కసారీ వైరు చిక్కలేదు. ఆ విమానంలో ప్రధాన చక్రాలకూ హుక్కుకూ మధ్య దూరం సుమారు 2.2 మీటర్లే. చక్రం తొక్కిన వైరు డెక్‌కు అతుక్కుపోయి, మళ్లీ పైకి లేచే లోపే హుక్కు దాటిపోయేది. హుక్కు కొన కూడా వైరు కిందికి దూరేంత పదునుగా లేదు, దాన్ని కిందికి అదిమిపట్టే డాంపర్ బలమూ చాలలేదు. హుక్కును ముందు పెట్టడానికి కారణం రాడార్‌కు కనబడకుండా దాన్ని లోపల దాచాల్సి రావడం. కొన ఆకారం మార్చి, అదిమే బలం పెంచాక 2014 నవంబరు 3న నిమిట్జ్ నౌక మీద దిగింది. ఒక అమరిక నిర్ణయం ఎంత దూరం వెళ్లి తగులుతుందో చూడండి.

ఇంకో ప్రమాదకర సందర్భం: చక్రాలు ఆనకముందే, మూతి పైకి ఉండగానే హుక్కు వైరును పట్టుకోవడం. తోకను వెనక్కి లాగేసరికి మూతి దభీమని కిందికి కొడుతుంది, దెబ్బంతా ముందు గేర్ మీద పడుతుంది. ముందు గేర్ భారాలను తేల్చే లెక్కల్లో ఇదొకటి, ఏవియానిక్స్ (ఎలక్ట్రానిక్ పరికరాల) ట్రేల బిగింపు లెక్కల్లోనూ ఇది ఉంటుంది. వైరు మధ్యలో కాక ఒక పక్కన పట్టుకుంటే విమానం పక్కకు తిరగబోతుంది. ఆ లెక్క వేరు.

లేచేటప్పుడు ఇదంతా ఎలా తిరిగి తగులుతుందో చూద్దాం. విక్రమాదిత్య, విక్రాంత్‌ల మీద విమానాన్ని ముందుకు విసిరే క్యాటపల్టు లేదు. చివర్లో సుమారు 14 డిగ్రీలు పైకి వంగిన స్కీ జంప్ ఉంటుంది. విమానం సొంత ఇంజిన్‌తోనే పరుగెత్తి, ఎగరడానికి చాలినంత వేగం రాకముందే డెక్‌ను వదిలేస్తుంది. వాలు వల్ల పైకి పోయే వేగం వస్తుంది. సెకనుకు 45 మీటర్ల వేగంతో వదిలితే నిలువుగా దాదాపు 11 మీటర్లు. ఆ రెండు మూడు సెకన్ల వ్యవధిలో ఇంజిన్ మిగతా వేగాన్ని సంపాదించాలి. 190 మీటర్ల పరుగులో సెకనుకు 45 మీటర్లు రావాలంటే త్వరణం 5.3 మీ/సె² ఉండాలి. ఇప్పుడు 10 టన్నుల విమానానికి 500 కిలోలు కలపండి. త్వరణం దాదాపు 5 శాతం పడిపోతుంది, డెక్ చివర వేగం రెండున్నర శాతం తగ్గుతుంది. బరువు పెరిగింది కాబట్టి ఎగరడానికి కావాల్సిన వేగం రెండున్నర శాతం పెరుగుతుంది. రెండు వైపులా కోత. మన సముద్రాల మీది వేడికి జెట్ ఇంజిన్ థ్రస్ట్ (నెట్టే బలం) కూడా గణనీయంగా తగ్గుతుంది. మిగిలే దారి ఒక్కటే: ఇంధనమో ఆయుధమో డెక్ మీదే వదిలేసి వెళ్లడం.

తిరిగి వచ్చేటప్పుడూ ఇదే బాధ. గేర్, వైరు, దిగే వేగం కలిసి దిగే బరువుకు ఒక హద్దు గీస్తాయి. అందులోంచి ఖాళీ విమానం బరువు, మళ్లీ ప్రయత్నించడానికి ఉంచుకున్న ఇంధనం తీసేస్తే మిగిలినదే తిరిగి తేగలిగిన ఆయుధాల బరువు. హైదరాబాద్‌లోని బీడీఎల్ తయారుచేసే అస్త్ర క్షిపణి ఒక్కోటి సుమారు 154 కిలోలు. నాలుగైతే 600 కిలోల పైన. ఖాళీ బరువు 500 కిలోలు పెరిగితే వాడని ఆ క్షిపణులు నాలుగింటినీ సముద్రంలో పారేసి దిగాలి. ఏ నౌకాదళమూ దీనికి ఒప్పుకోదు.

తేజస్‌ది త్రికోణపు డెల్టా రెక్క, అది ఇంకో చిక్కు తెస్తుంది. నెమ్మదిగా దిగాలంటే అది మూతి బాగా ఎత్తుకోవాలి. మూతి ఎత్తితే పైలట్‌కు డెక్ కనబడదు. నౌకాదళ తేజస్‌లో అందుకే మూతిని కిందికి వంచారు. రెక్క మొదట్లో లెవ్‌కాన్ అనే కదిలే పలకలు పెట్టి, సుడిగాలులను అదుపు చేసి, దిగే వేగాన్ని తగ్గించారు. బరువు దించుకోవడానికి ఇంధనం పారబోసే ఏర్పాటూ ఉంది. ఫ్లైట్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ కూడా స్కీ జంప్ కోసం, దిగడం కోసం విడిగా రాయాల్సి వచ్చింది. చాలామంది తక్కువగా అంచనా వేసే భాగం ఇదే. నౌక మీద చోటు కోసం రెక్కను మడిచే కీలు గురించి ఒక్క మాట: వంపు మొమెంట్ మోసే రెక్కను అడ్డంగా కోసి మళ్లీ పిన్నులతో కలపడమంటే బరువు పెంచుకోవడమే. రఫేల్ నౌకాదళ రకంలో రెక్క మడవకుండానే సరిపెట్టుకున్నారు.

నేల విమానాన్ని నౌకకు మార్చే ప్రయత్నాలు ఎక్కడ చేసినా ఇవే గుంటల్లో పడ్డాయి. వాయుసేనకూ నౌకాదళానికీ ఒకే విమానం అంటూ మొదలైన అమెరికా ఎఫ్-111బీ బరువు ఎక్కువై 1968లో రద్దయింది. ఫ్రెంచి నౌకాదళం కోసం చేసిన జాగ్వార్ ఎం 1970లో క్లెమాన్సో నౌక మీద పరీక్షలకు వెళ్లింది. ఒక ఇంజిన్ ఆగితే మిగిలినదాని థ్రస్ట్ దిగడానికి చాలదని తేలింది, అది సేవలోకి రాలేదు. వైఎఫ్-17 కథ వేరుగా ముగిసింది. వాయుసేన పోటీలో ఓడిన ఆ చిన్న విమానం నౌకాదళంలో ఎఫ్/ఏ-18 అయింది. కానీ రెక్క వైశాల్యం 350 చదరపు అడుగుల నుంచి 400కు పెంచి, గేర్, ఫ్యూజిలాజ్, ఇంధనం మళ్లీ గీసి, దాదాపు కొత్త విమానం చేశారు. ఎఫ్-35లో నేల రకం రెక్క 460 చదరపు అడుగులు, నౌక రకానిది 668. ఖాళీ బరువు తేడా రెండు టన్నుల పైనే. రఫేల్‌కు మాత్రం నౌక భారాలను మొదటి రోజు నుంచే లెక్కలోకి తీసుకున్నారు. అందుకే నేల రకానికీ నౌక రకానికీ తేడా 500 కిలోల దగ్గర ఆగింది. నా దృష్టిలో ఈ మొత్తం చర్చలో అన్నిటికంటే విలువైన అంకె ఇది.

మన సంగతికి వస్తే, నౌకాదళ తేజస్ తొలి నమూనా ఎన్‌పీ-1 2012 ఏప్రిల్ 27న ఎగిరింది. 2014 డిసెంబరులో గోవాలోని నేల మీది స్కీ జంప్ నుంచి లేచింది. రెండోది, ఎన్‌పీ-2, 2015లో ఎగిరింది. 2016 డిసెంబరులో అప్పటి నౌకాదళాధిపతి అడ్మిరల్ సునీల్ లాంబా, బరువు ఎక్కువైనందున ఈ రూపంలో అది మాకు సరిపోదని బహిరంగంగానే చెప్పారు. పని మాత్రం ఆగలేదు. 2019 సెప్టెంబరు 13న గోవాలో వైరు పట్టుకుని దిగింది. 2020 జనవరి 11న విక్రమాదిత్య మీద దిగి, మర్నాడు అక్కడి నుంచే లేచింది. 2023 ఫిబ్రవరి 6న విక్రాంత్ మీదా దిగింది. స్క్వాడ్రన్‌లోకి రాలేదు కాబట్టి విఫలమైందని రాసేవాళ్లతో నేను గట్టిగా విభేదిస్తాను. డెక్ మీద దిగే యుద్ధవిమానం చేయగల దేశాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. గేర్ భారాలు, హుక్కు ప్రవర్తన, దిగే కంట్రోల్ లాలు (ఫ్లైట్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ సూత్రాలు) మనకు సొంతంగా కొలిచిన అంకెలుగా దొరికాయి. రెండు ఎఫ్414 ఇంజిన్లతో, మొదటి నుంచే నౌక కోసం గీస్తున్న కొత్త యుద్ధవిమానం టీఈడీబీఎఫ్‌కు అవే పునాది. అది వచ్చేదాకా నౌకలను ఖాళీగా ఉంచలేం గనక 2025 ఏప్రిల్ 28న 26 రఫేల్‌ల ఒప్పందం జరిగింది: 22 ఒంటి సీటువి, 4 రెండు సీట్లవి.

ఇక హైదరాబాద్ మాట. ఇంత బలం కోరే గేర్ కాళ్లు, హుక్కు షాంకులు (కాడలు) అల్ట్రా హై స్ట్రెంగ్త్ ఉక్కుతో చేస్తారు. 300ఎం అనే ఉక్కు 1,900 మెగాపాస్కల్స్ పైన తట్టుకుంటుంది. కానీ దానిలో పగులు తేలిగ్గా సాగుతుంది, ఉప్పుగాలి దాన్ని ఇంకా వేగిరపరుస్తుంది. అందుకే ఎఫ్/ఏ-18ఈ గేర్‌లో దాదాపు అంతే బలం, పగులును రెట్టింపు దాకా ఆపే ఏర్‌మెట్ 100 వాడారు. మన దగ్గర ఇలాంటి మిశ్రమాల పని కంచన్‌బాగ్ చుట్టూ ఉంది. 1973లో మొదలైన ప్రభుత్వ లోహ సంస్థ మిధానీలో మారేజింగ్ ఉక్కు, టైటానియం మిశ్రమాలు తయారవుతాయి. పక్కనే డీఆర్‌డీఓ లోహాల ల్యాబు డీఎంఆర్‌ఎల్. జాగ్వార్ విమానాల్లోని అడూర్ ఇంజిన్ హై ప్రెజర్ కంప్రెసర్ టైటానియం డిస్కులను 2,000 టన్నుల ప్రెస్ మీద ఐసోథర్మల్ ఫోర్జింగ్‌తో (అచ్చునూ లోహాన్నీ ఒకే వేడిలో ఉంచి నొక్కే పద్ధతితో) చేసి చూపింది వాళ్లే.

బాలానగర్, చర్లపల్లి షెడ్లలో పనిచేయబోయేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. ఈ ఉక్కు భాగాలకు కాడ్మియం ప్లేటింగ్ చేసేటప్పుడు హైడ్రోజన్ లోపలికి చొరబడుతుంది. ప్లేటింగ్ అయిన 4 గంటల్లోపు 190 డిగ్రీల దగ్గర పెట్టి, కనీసం 23 గంటలు బేక్ చేయాలి. ఆలస్యమైతే, లేదా తొందరపడి మధ్యలో తీసేస్తే ఏమవుతుంది? బోల్టు కొలతలన్నీ సరిగ్గా ఉంటాయి, తనిఖీ దాటుతుంది. బిగించాక కొన్ని రోజులకు, ఎవరూ ముట్టుకోకుండానే తల ఊడిపడుతుంది. గ్రైండింగ్‌లో మాడినా ఇంతే. కంటికి కనబడదు, నైటాల్ (ఆల్కహాలులో కలిపిన నైట్రిక్ ఆమ్లం) ఎచ్ చేస్తేనే మరక తేలుతుంది. ఆఖరి గ్రైండింగ్ తర్వాత ఎచ్, ఆపైన ఒత్తిడి తగ్గించే బేక్, ప్లేటింగ్, మళ్లీ బేక్, మాగ్నెటిక్ పార్టికల్ తనిఖీ అన్న వరసను చెదరనివ్వకండి.

తుప్పు సంగతి అంతకు తక్కువది కాదు. తేజస్ ఎయిర్‌ఫ్రేమ్ (విమానం ఒళ్లు) బరువులో సుమారు 45 శాతం కార్బన్ ఫైబరు లాంటి కాంపోజిట్లే. కార్బన్ ఫైబరును అల్యూమినియానికి నేరుగా ఆనించి ఉప్పునీళ్లు తగలనిస్తే బ్యాటరీ తయారైనట్టే, అల్యూమినియం తినేసుకుపోతుంది. మధ్యలో గ్లాసు గుడ్డ పొర ఒకటి వేయాలి. ఫాస్టెనర్లు టైటానియంవి, వాటిని సీలెంట్ తడిగా ఉండగానే దించాలి. కాడ్మియం పూసిన ఉక్కు రివెట్లను కార్బన్‌లోకి దించకూడదు. నీళ్లు నిలిచే ప్రతి మూలకూ కిందికి కారే రంధ్రం ఉండాలి, డ్రిల్ చేసిన ముక్కలతో అది పూడిపోకుండా చూసుకోవాలి.

మీరు ఎక్కడ చేరొచ్చు? మొత్తం విమానం గీసే పని బెంగళూరులో తేజస్‌ను గీసిన ఏడీఏ, తయారుచేసే హెచ్‌ఏఎల్‌ల దగ్గర జరుగుతుంది. హైదరాబాద్ బలం లోహాలు, క్షిపణులు, ఎలక్ట్రానిక్ యుద్ధతంత్రం, ఎయిర్‌ఫ్రేమ్ భాగాల తయారీ. డీఆర్‌డీఓ ల్యాబుల్లో సైంటిస్ట్-బీ ఉద్యోగాలకు గేట్ స్కోరు దారి. ఆదిభట్లలో అపాచీ ఫ్యూజిలాజ్‌లు తయారవుతున్నాయి. రఫేల్ ఫ్యూజిలాజ్‌లను ఇక్కడ చేయడానికి 2025 జూన్‌లో దసో, టాటా ఒప్పందం కుదిరింది. అక్కడ కావాల్సింది టాలరెన్స్, జిగ్గులు, ఫాస్టెనింగ్ తెలిసినవాళ్లు. చదువులో ఫ్రాక్చర్ మెకానిక్స్‌ను (పగుళ్లు ఎలా సాగుతాయో చెప్పే శాస్త్రాన్ని) ఎలక్టివ్ అని వదిలేయకండి. ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్ నేర్చుకునే ముందు భారం ఏ దారిన పోతుందో చేత్తో గీయడం నేర్చుకోండి.

ప్రాజెక్టుకు ఒక సూచన. కాలేజీ వర్క్‌షాపులో చిన్న డ్రాప్ టెస్ట్ రిగ్ కట్టండి. రెండు నిలువు గైడ్ రాడ్లు, 20 కిలోల బరువు, నూనె నింపిన స్ట్రట్ ఒకటి, అడుగున లోడ్ సెల్, స్ట్రోక్ కొలిచే సెన్సర్ చాలు. 46 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే సెకనుకు 3 మీటర్ల వేగం, రెండున్నర మీటర్ల నుంచి వదిలితే 7 మీటర్లు వస్తుంది. 10 సెంటీమీటర్ల స్ట్రోక్‌తో మొదలుపెట్టి ముందు 46 సెంటీమీటర్ల దగ్గరే సరిచూసుకోండి. భారం, స్ట్రోక్ గ్రాఫ్ కింద ఉన్న వైశాల్యాన్ని గరిష్ఠ భారం ఇంటూ గరిష్ఠ స్ట్రోక్‌తో భాగిస్తే సామర్థ్యం వస్తుంది. 0.5 దగ్గర ఉంటే మీ స్ట్రట్ మామూలు స్ప్రింగులా పనిచేస్తున్నట్టు. నూనె రంధ్రం తగ్గించండి. గ్రాఫ్ మొదట్లోనే నిట్టనిలువుగా లేస్తే రంధ్రం మరీ చిన్నదైంది. చివర్లో లేస్తే స్ట్రోక్ చాలక అడుగు కొడుతోంది. 0.8 దగ్గరికి వచ్చాకే ఎత్తు కొంచెం కొంచెంగా పెంచండి. 10 సెంటీమీటర్ల స్ట్రట్ రెండున్నర మీటర్ల దెబ్బకు నిలవదు కాబట్టి, దానికి ముందు పొడవైన స్ట్రట్ చేసుకోండి, రిగ్ చుట్టూ జాలీ కట్టండి.